ఎర్రమూత డ్రమ్ము

“మీరు కాకపోతే మూతలు వాటంతట అవే నడిచెళ్లి మారాయా మరిదిగారూ?” అంది మా అక్క.

“ముట్టుకోలేదని బుధవారం నుంచి మొత్తుకుంటున్నాను వదినగారూ. ఇంకెలా చెప్పమంటారు? కాగితం మీద రాసి సంతకం పెట్టమంటారా?” అన్నారు మా ఆయన. ఆయన చేతిలో కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

“సంతకాలెందుకు? ఒప్పుకుంటే చాలు.”

మా అమ్మాయి చిట్టి గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, “ఒప్పేసుకో నాన్నా. నువ్వు ఒప్పుకుంటే గానీ నాకు కాలేజీ బస్సు దొరికేలా లేదు,” అంది.

గొడవంతా రెండు డ్రమ్ముల గురించి. అవి మా వెనక వసారాలో పక్కపక్కనే ఉంటాయి. నీలంమూత డ్రమ్ములో వడకట్టిన మంచినీళ్లు. ఎర్రమూత దాంట్లో అక్క ఉప్పు తూచి కలిపి తయారుచేసిన సముద్రపు నీళ్లు. హాల్లో గోడ పొడుగునా ఉన్న అక్వేరియంలో రోజూ కొన్ని నీళ్లు ఆవిరైపోతాయి. అద్దం మీద అక్క గోళ్లరంగుతో గీసిన గీత దాకా మళ్లీ నింపాలి. నింపేది మంచినీళ్లతోనే. “నీళ్లు పోతాయి, ఉప్పు పోదు.” ఈ ఇంట్లో అక్క అందరికీ నేర్పిన మొదటి పాఠం అది. ఉన్న ఉప్పు మీద మళ్లీ ఉప్పునీళ్లు పోస్తూ పోతే తొట్టి రోజురోజుకీ చిక్కబడుతుంది.

ఆ నెలలో అదే జరిగింది. ముందు అద్దానికి అంటుకుని ఉండే నత్తలు ఒక్కొక్కటే ఊడి ఇసకలో పడ్డాయి. ఆ తర్వాత, చేపల ఒంటిమీద మురికి ఏరి తినే ఎర్రరొయ్య పోయింది. అక్క మొదట దోమల మందు ఎవరు కొట్టారని అడిగింది. తర్వాత మూతల మీదికొచ్చింది.

మా ఆయనది కళ్లజోళ్ల దుకాణం. ఉప్పు కొలిచే గొట్టం ఒకటుంది మా ఇంట్లో. చివరనున్న అద్దం మీద ఒక్క చుక్క నీళ్లు వేసి, వెలుతురు వైపు పెట్టి కన్ను ఆనిస్తే లోపల ఎంత ఉప్పుందో గీత కనిపిస్తుంది. ముప్పై అయిదు ఉండాలి. ఆయన ఆ ఉదయం చూస్తే నలభై ఆరు ఉంది.

“గొట్టం పాడైంది. నేను రోజూ చూస్తున్నాగా, ముప్పై అయిదే,” అంది అక్క.

“సరే, దుకాణానికి పట్టుకెళ్లి చూస్తాను. గొట్టం పాడైతే తప్పు దానిది. లేకపోతే ఎలాగూ నాదే,” అంటూ దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

మా అక్క ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేసింది. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, “నాకు పరీక్షలో నెగెటివ్ వచ్చిందండీ,” అని నవ్వేసేది. ఎంత చెడ్డ ఫలితమైనా ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా కాగితం చేతికిచ్చేదని అక్కడ పేరు. ఉద్యోగం అయిపోయాక మాతో ఉండటానికి వచ్చింది. రెండు పెట్టెలు, ఒక తొట్టి, ఒక జత చేపలు తెచ్చుకుంది.

వేలెడంత చేపలు. వెండి ఒంటి మీద నిలువు నల్లచారలు, రెక్కల నిండా తెల్లచుక్కలు. ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క చిన్న దీవుల గుంపు దగ్గర పుట్టే జాతట. జనం పట్టి పట్టి అమ్ముకుంటే అక్కడ పలచబడిపోయాయట. పదకొండేళ్లలో అక్క సముద్రం నుంచి వచ్చిన చేపను మరొకటి కొనలేదు. ఆ జత పిల్లలకు పిల్లలు, వాటికి పిల్లలు, అలా అయిదు తరాలు మా హాల్లోనే పుట్టాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి పట్టుకెళ్లేవాళ్లు. “చేపలు కావాలంటే నన్నడగండి. సముద్రం జోలికి పోకండి,” అని ప్రతివాళ్లకీ చెప్పి పంపేది.

ఈ జాతిలో గుడ్లు మోసేది మగచేప. ఆడది పెట్టగానే మొత్తం నోట్లోకి తీసుకుని, పిల్లలై ఈదగలిగేదాకా దాదాపు నెలరోజులు తిండి మానేసి, నోరు మూసుకుని ఒక మూల నిలబడుతుంది. మా ఆయన దానికి మౌనిగారని పేరు పెట్టారు. “ఇంట్లో నాకు తోడు ఆయనొక్కడే,” అనేవారు. ఈసారి ఆడచేప గుడ్లు పెట్టిన వారానికే ముసలితనంతో పోయింది. పెద్ద పిల్లల్ని అప్పటికే పంచేసింది అక్క. మా ఇంట్లో ఆ వంశం అంటూ మిగిలింది మౌనిగారి నోట్లో ఉన్నదే. అప్పటికి పద్దెనిమిది రోజులు. పిల్లలొచ్చాక దాక్కోవడానికని అక్క నల్లటి ప్లాస్టిక్ పట్టీలు బంతికి గుచ్చి ముళ్లపొద లాంటిది చేసి పెట్టింది. వాటి తిండికోసం వంటింటి కిటికీలో తలకిందులుగా కట్టిన సోడా సీసాలో గాలిగొట్టం పెట్టి, కంటికి ఆనని రొయ్యపిల్లల్ని పొదిగించడం ఎలాగో చిట్టికి నేర్పింది కూడా.

ఆ మధ్యాహ్నం నేను హాల్లో బట్టలు మడతపెడుతున్నాను. అక్క మగ్గుతో నీళ్లు తెచ్చింది. స్టూలెక్కి, గీత వంక చూస్తూ, సన్నటి ధారగా పోస్తోంది.

“చూడు, ఎంత దిగిపోయిందో. ఎండలు కదా,” అంది. “చిట్టికి మళ్లీ ఒకసారి చెప్పాలి. నీళ్లు పోతాయే, ఉప్పు పోదు. మంచినీళ్లే పొయ్యాలి. ఒక్క మగ్గు తేడా చేస్తే అంతే సంగతులు.”

“చెప్దాంలే,” అన్నాను.

మరో మగ్గుకి వెళ్లింది. నేను ఊరికే తలెత్తాను. హాల్లోంచి వసారా తిన్నగా కనిపిస్తుంది. అక్క ఎర్రమూత తీసింది. మగ్గు ముంచింది. మూత జాగ్రత్తగా బిగించి, పైన తడి గుడ్డతో తుడిచింది. వచ్చి స్టూలెక్కి మళ్లీ పోసింది. చెయ్యి కొంచెం కూడా వణకలేదు.

“ఉప్పు పోదు,” అంది మళ్లీ, తనలో తనే.

పిలుద్దామనుకున్నాను. చేతిలో ఉన్న చొక్కాని రెండోసారి మడతపెట్టాను.

ఆమె నడుం వాల్చడానికి గదిలోకి వెళ్లాక వసారాలోకి వెళ్లి మగ్గు అడుగున వేలు పెట్టి నాలుకకి రాసుకున్నాను. ఉప్పు. ఎర్రమూత డ్రమ్ము అంచంతా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. పదకొండేళ్లుగా పేరుకున్నది. మూతలు మార్చినా ఆ అంచు మారదు. మూతలు ఎవరూ మార్చలేదు.

తొట్టి పక్కన అక్క నోటుపుస్తకం ఉంటుంది. రోజూ తేదీ, ఉప్పు, వేడి రాస్తుంది. తీసి చూశాను. ఆస్పత్రి నాటి ఆ గుండ్రటి చేతిరాత ఎక్కడా చెదరలేదు. ముప్పై అయిదు. దాని కింద ముప్పై అయిదు. దాని కింద మళ్లీ అదే. ఎనిమిది వరుసలున్నాయి. ఎనిమిదింటికీ ఒకటే తేదీ.

ఆయన సాయంత్రం గొట్టం తెస్తారు. అది బాగానే ఉందంటారు. మళ్లీ కొలుస్తారు. అక్క ముందే కొలుస్తారు. అప్పటికి ముప్పై అయిదు కనిపించాలి. నా బుర్రలో ఇంకేమీ లేదు. ఉప్పు ఎక్కువైతే మెట్లు దిగినట్టు రోజుకి కొంచెం దించాలి గానీ దూకకూడదని అక్క చెప్పగా వందసార్లు విన్నదాన్ని. గుడ్లు పట్టుకున్న చేప ఉన్న తొట్టిలో చెయ్యే పెట్టకూడదనీ విన్నదాన్ని. అయినా రబ్బరు పైపుతో అయిదు బకెట్లు తోడి బయట పారబోసి, అయిదు బకెట్ల మంచినీళ్లు పోశాను. ఇసక లేచి నీళ్లు మబ్బుగా అయ్యాయి. నల్ల ముళ్లపొద ఊడి పైకి తేలింది.

మబ్బు విడేసరికి మౌనిగారు తన మూలలో లేడు. అద్దం పక్కన వాలిపోయి గబగబా ఊపిరి తీసుకుంటున్నాడు. ఒకసారి ఒళ్లంతా విదిలించాడు. నోరు తెరుచుకుంది. నారింజరంగు గుడ్లు గుత్తిగా బయటికొచ్చి, విడిపోతూ ఇసక మీదికి దిగాయి. ఒక్కోదాంట్లో రెండేసి కళ్లు కనిపిస్తున్నాయి.

“ఎన్ని బకెట్లు?”

అక్క ఎప్పుడు లేచిందో వెనక నిలబడి ఉంది.

“అయిదు.”

“ఒకేసారా?”

“మూతలు నేనే మార్చానక్కా,” అన్నాను. “కడిగినప్పుడు. ఇవాళే తెలిసింది. కంగారులో...” ఉంగరం వేలి చుట్టూ తిప్పుకుంటూ ఉన్నాను.

అక్క నా వేలి వంక చూసింది. అరచేతి వెడల్పు గాజుగ్లాసు తెచ్చి, పొడుగాటి ఇంకు ఫిల్లర్‌తో గుడ్లను ఒక్కొక్కటే పీల్చి అందులో వేసింది. కింద సన్నగా బుడగలు వచ్చేట్టు గాలిగొట్టం పెట్టింది. లెక్కపెట్టింది. ముప్పై ఏడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం ఆయన గుమ్మంలోంచే, “గొట్టం భేషుగ్గా ఉంది. నాకంటే దానికే చూపు బాగుంది,” అంటూ వచ్చారు.

“మూతలు నేనే మార్చానండీ,” అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. ఈ పదకొండేళ్లలో నేను ఆ డ్రమ్ముల దగ్గరికి వెళ్లింది ఎన్నిసార్లో ఆయనకి తెలుసు. గొట్టాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టి, “విన్నారా వదినగారూ, నిర్దోషిని,” అన్నారు. ఆ మాటలో హాస్యం లేదు.

“క్షమించండి మరిదిగారూ,” అంది అక్క గ్లాసు మీంచి తల తిప్పకుండానే.

మర్నాటికి గుడ్లు తెల్లబడ్డాయి. అక్క వాటిని గుడ్డలో పోసి, పెరట్లో కుండీ మట్టిలో కలిపేసింది. తర్వాత గొట్టంతో చూసి, నలభై ఉందని పుస్తకంలో రాసింది. తేదీ రాయబోయి ఆగింది. వంటింటి తలుపు దగ్గర్నుంచి నేను చూస్తున్నాను. గోడమీది క్యాలెండరు చూసింది. పుస్తకం చూసింది. వేలు పైవరుస మీద పెట్టి ఒక్కొక్కటే కిందికి దించింది. ఎనిమిదో దాని దగ్గర వేలు ఆగిపోయింది.

ముఖంలో ఏమీ లేదు. ఆస్పత్రిలో ఎంతమంది ముందు అలా కూర్చుందో మరి. ఈసారి కాగితం తనదే.

లేచి వసారాలోకి వెళ్లింది. ఎర్రమూత డ్రమ్ము అంచుకి పేరుకున్న తెలుపుని గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది. నేను వెళ్లలేదు.

ఆదివారం అందరం ఇంట్లోనే ఉన్నాం. చిట్టి పొద్దున్నే తొట్టిలో తిండి వేసి, “పెద్దమ్మా, మౌనిగారు నోరు తెరిచారు! ఎంత ఆకలితో ఉన్నాడో, ఎగబడి తింటున్నాడు!” అని కేకేసింది. కేకేశాక గాని దానికి ఆ మాట అర్థం తట్టలేదు. చేతిలో డబ్బా మూసేసి వచ్చి, అక్క పక్కన కూర్చుని భుజానికి తల ఆనించింది.

“తిననీవే. పద్దెనిమిది రోజులు కడుపు మాడ్చుకున్నాడు,” అంది అక్క.

మధ్యాహ్నం భోజనాలప్పుడు నేను వడ్డించి కూర్చునేదాకా ఆగింది. పుస్తకం తెచ్చి మా ఆయన కంచం పక్కన పెట్టింది. దాని మీద గొట్టం, దాని పక్కన మగ్గు.

“ఏంటి వదినగారూ, నాకు పదవీ?” అన్నారు ఆయన.

“అవును.” అక్క ముద్ద కలుపుకుంటూ, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా మాట్లాడింది. “నా చెల్లెలికి అబద్ధం ఆడటం చిన్నప్పట్నుంచీ రాదు. ఉంగరం అరిగిపోతుంది పాపం. మూతలు ఎవరూ మార్చలేదు. పోసింది నేను. ఎన్నాళ్లు పోశానో నాకే తెలీదు.”

చిట్టి ఏదో అనబోయింది. ఆయన కళ్లతో వారించారు.

“మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. చిట్టి తోడొస్తుంది. ఆయనేం చెప్తాడో నాకు కొంత తెలుసులే. రేపట్నుంచి తొట్టిలో నీళ్లు మరిదిగారు పోస్తారు. కొలిచి రాసేదీ ఆయనే. మన దగ్గర చేపలు పట్టుకెళ్లినవాళ్లలో ఒకతనికి ఫోన్ చేశాను, మన చేపల పిల్లల్లోంచే ఒక ఆడదాన్ని తిరిగిస్తానన్నాడు. మౌనిగారు బాగా కోలుకున్నాకే తేవాలి. అప్పటికి ఉప్పు ముప్పై అయిదుకి దిగాలి. మెల్లగా.”

“నువ్వు పక్కన కూర్చుని చెప్తావుగా అక్కా,” అన్నాను.

“చెప్తాను. చెప్పగలిగినన్నాళ్లూ.” మగ్గుని ఆయన వైపు ఇంకొంచెం జరిపింది. “ఒక్కటి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. నేను మళ్లీ మగ్గు అడుగుతాను. మూతలు మీరే మార్చారంటాను. మరిదిగారి మీద అరుస్తాను కూడా. అప్పుడు ఎవరూ నాకు మగ్గు ఇవ్వొద్దు.”