చీపురు వెంపలి

దర్శి దాటి నాలుగు మిరప చేలు పోతే సుబ్బరావమ్మగారి గట్టు వస్తుంది. ఆ గట్టు మీద నేను ఎర్ర రిబ్బను కట్టి వెళ్లిన వెంపలి మొక్క లేదు. పీకిన గుంట మాత్రం ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. వెంపలంటే అందరికీ గట్ల మీద ఊదాపూలు పూసే పిచ్చిమొక్క. నాకది పీహెచ్‌డీ. చిక్కుడు కుటుంబంలో అదొక ప్రజాతి. అందులో ఏ జాతి గుంటూరు, ప్రకాశం చేలల్లో ఎక్కడెక్కడ పెరుగుతుందో పటం గీయడం నా పని. ఈ మొక్క మామూలు వెంపలీ కాదు, నూగు వెంపలీ కాదు. కాయ వంపు, దాని మీది నూగు చూడందే ఏ పేరూ ఒప్పుకోనని మా గైడ్ పానకాలు సార్ ముందే తేల్చేశారు. పూల కొమ్మలు పేపర్ల మధ్య ఆరబెట్టుకుని, కాయలు ముదరాలని రిబ్బను కట్టాను. మిగతా చోట్ల దొరికినవన్నీ కలుపు మందుకు మాడిపోయాయి. ఈ ఏడు కాయ పట్టింది ఇదొక్కటే.

గట్టు పక్కనే కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తున్న సుబ్బరావమ్మగారు నన్ను చూసి నవ్వుతూ లేచారు.

"రా అమ్మాయ్. ఇదిగో, నీ చీపురు కట్టి పెట్టా."

నా రిబ్బనుతోనే కట్టారు, బిగించి, ముచ్చటగా.

"చీపురేంటండీ! ముట్టుకోవద్దనే గదా గుడ్డ కట్టింది!"

"అదేం మాట? గుడ్డ కట్టారంటే ఆ మొక్క వాళ్ల చీపురుకని. ఇంకెవరూ పీకరు. ముదిరాక చేనుగలవాళ్లమే పీకి, కట్టి ఇస్తాం. మా ఊళ్లో అంతే. పరాయి పిల్లవి, నోరు తెరిచి అడగలేకపోయావనుకున్నా."

అంత ప్రేమగా చేసిన మనిషి మీద కోప్పడకూడదు. అయినా కోప్పడ్డాను.

"మరి కాయలేవండీ? ఒక్కటి లేదు!"

"ఎందుకుంటాయి? ఆ గింజలు మిరపకాయల్లో కలిస్తే యార్డులో కొనేవాడు ఊరుకుంటాడా? అదుగో, ఆ రాతికేసి దులిపా. కొత్త చీపురు దులపకుండా కళ్ళంలోకి ఎవరూ తీసుకురారు."

కళ్ళం అంచున ఆ రాతి దగ్గర మోకాళ్ల మీద కూలబడి వెతికాను. తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. సగం మిరప ఘాటుకి, సగం ఏడుపుకి. అలా వెతుకుతుండగా తట్టింది. నా పటంలో ఈ మొక్కకి పెట్టిన చుక్కలన్నీ కళ్ళాల పక్కనే ఉన్నాయి. అద్దంకి వైపూ అంతే. నేల గుణమని రెండు పేజీలు రాసి పారేశాను. నేలా కాదు, నా మొహమూ కాదు. వీళ్లు చీపురు దులిపిన చోటల్లా అది మొలుస్తోంది.

రాతి సందులో గుప్పెడు కాయలు దొరికాయి. కొడవలి వంపు, పైన పలచని వెండి నూగు. ఫొటోలు తీసి పంపితే పానకాలు సార్ వెంటనే ఫోన్ చేశారు.

"ఇది మన జిల్లాల్లో ఉన్నట్టు ఇంతవరకూ ఎవరూ రాయలేదమ్మా. పేరు చెబుతా, రాసుకో. కాయలు జాగ్రత్త."

గంతులేయబోయి ఆగాను.

"సుబ్బరావమ్మగారూ, వచ్చే ఏడు నాకోసం ఒక్క మొక్క పీక్కుండా ఉంచుతారా?"

"మొలిస్తే గదా ఉంచటానికి! ఇవే ఆఖరు చీపుర్లు. వచ్చే ఏటి నుంచి అందరం టార్పాలిన్ల మీదే ఎండబోస్తాం. ఊడ్చేదీ లేదు, దులిపేదీ లేదు. గట్లకి మందు ఎటూ కొడతారు."

నాకు నిజంగా భయమేసింది. పేరు దొరికిన పూటే ఆ మొక్కకి చోటు పోతోంది. సార్‌కి కావలసిన కాయలు కవర్లో వేసుకుని, మిగిలినవి ఒలిచి, మందు చుక్క పడని చోటు చూసి కళ్ళం అంచునే పుల్లతో గీరి గింజలు పాతాను.

"ఎవరన్నా వెంపలి నాటుతారా, పిచ్చిపిల్లా!" అంటూ సుబ్బరావమ్మగారు పడీపడీ నవ్వారు. తర్వాత నా పక్కన కూర్చుని, చీపురు నా ఒళ్లో వేసి, దానికి కట్టిన రిబ్బను ముడి విప్పి నా చేతిలో పెట్టారు.

"మొలిచాక కట్టు. ఈసారి పీకనులే."

కట్టు లేని చీపురు నా ఒళ్లో పుల్లలు పుల్లలుగా విడిపోయింది.