కాగితంలో లేని అల్లం

టీ వడకట్టే జాలీ కడుగుతుంటే ఉమాశ్రీ వేలికి అల్లం పీచు తగిలింది. రోజూ ఈ వేళకు ఆమె గదిలో తలుపేసుకుని ఆఫీసు మీటింగులో ఉంటుంది, టీ గిన్నెలు అత్తగారే కడిగేస్తుంది. ఈ రోజు మీటింగు రద్దయింది కాబట్టి తనే కడుగుతోంది. కొళాయి కట్టేసి ఫ్రిజ్ వైపు చూసింది. దాని మీద అంటించిన కాగితంలో టీ పెట్టడానికి చేయవలసిన తొమ్మిది పనులు వరసగా ఉన్నాయి. ప్రతి పని ఎదుటా టిక్కు. ఆ తొమ్మిదింటిలో ఎక్కడా అల్లం లేదు. లేదని ఆమెకు బాగా తెలుసు, రాసింది ఆమే.

ఆ కాగితం ఆమె భర్త సురేంద్ర కోసం. సైన్యంలో హవల్దార్‌గా ఉండగా, రెండేళ్ల కిందట కొండదారిలో ట్రక్కు బోల్తా పడి తలకు దెబ్బ తగిలింది. నడక వచ్చింది, మాట వచ్చింది. ఒక పని తర్వాత ఏ పని చేయాలన్నది మాత్రం తిరిగి రాలేదు. నార్సింగిలో మాజీ సైనికులకు చికిత్స చేసే థెరపిస్టు నీహారిక, ఇది మందుతో పోయేది కాదంది. రోజూ ఆయనే చదువుకుంటూ టీ పెట్టాలి, ఆగిపోతే ఆయనే తేల్చుకోవాలి, చేసిన పనికి ఆయనే టిక్కు పెట్టుకోవాలి. గ్యాస్‌తో ప్రమాదమని, దానంతటదే ఆగిపోయే కరెంటు స్టవ్ కొన్నారు. మూడు వారాలు, ఇరవై ఒక్క కాగితాలు, అన్నీ నిండా టిక్కులే.

ఉమాశ్రీకి ఆ టిక్కులు ప్రాణంతో సమానం. ఒకటో తారీఖు నుంచి రోజూ హైటెక్ సిటీ ఆఫీసుకు రావలసిందేనని మేనేజరు చెప్పేశాడు. సురేంద్ర పగటిపూట తన పనులు తాను చేసుకోగలిగితే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే లేదు. రాజీనామా మెయిలు రాసి దాచుకుంది కూడా. పెన్షన్ వస్తోందిగా, ఇంకా నీకెందుకీ తాపత్రయం అని సొంత అన్నయ్యే అన్నాడు. మొగుడి తలకు దెబ్బ తగిలితే పెళ్లాం ఉద్యోగం పోవడం అందరికీ ఎంత సహజంగా తోచిందో!

నిన్న ఉదయం నీహారిక పరీక్ష పెట్టింది. సురేంద్ర నీళ్లు పోశాడు, స్టవ్ వేశాడు, టీపొడి డబ్బా పట్టుకుని నిలబడిపోయాడు. ఉమాశ్రీ ఊరుకోలేక, పొడి వెయ్యండి అనేసింది. మీరు చెప్తే అది మీకు గుర్తున్నట్టు మేడం, ఆయనకు కాదు, అంది నీహారిక మెత్తగానే. తర్వాత సురేంద్రను అడిగింది.

"మీ ఆవిడ ఏం పని చేస్తారు సార్?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "గుర్తుచేస్తుంది," అన్నాడు.

కొడుకు పెళ్లాన్ని మెచ్చుకున్నాడని, వెంట వచ్చిన అత్తగారు వెంకటలక్ష్మి మురిసిపోయింది. పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న ఉమాశ్రీకి ఒళ్లు మండింది. ఆయన మీద కాదు. ఆయన చెప్పింది నిజమే, మందుబిళ్ల నుంచి చొక్కా గుండీ దాకా రెండేళ్లుగా ఆమె చేస్తున్నది అదే. తిరిగొచ్చేటప్పుడు కారులో, నేను ఆఫీసులో ఏం చేస్తానో మీకు తెలుసా అత్తయ్యా అని అడిగింది. ఏదో కంప్యూటరు పని కదా, అంది వెంకటలక్ష్మి. ఆవిడ తలకు ఏ దెబ్బా తగల్లేదు.

ఇప్పుడీ అల్లం. అల్లం లేని టీ అత్తగారు ముట్టదు. ఉమాశ్రీ కాఫీ మనిషి కాబట్టి, రోజూ టీలో అల్లం పడుతోందని ఇన్నాళ్లూ తెలియలేదు.

"టీ మీరే పెడుతున్నారు కదా అత్తయ్యా?"

వెంకటలక్ష్మి అబద్ధమాడలేదు. "ఆడు గిన్నె పట్టుకుని అరగంట అలా నిలబడిపోతుంటే కన్నతల్లిని, ఎలా చూడమంటావు? అయినా నేనుండగా మగోడు పొయ్యి కాడ నిల్చోడమేటి?"

టిక్కులూ ఆవిడే పెట్టింది. అవి చూసి కోడలు సంతోషిస్తోంది కదా అని.

గట్టిగా అరవాలనిపించింది ఉమాశ్రీకి. పొడి వెయ్యండి అన్న తన గొంతు గుర్తొచ్చి తగ్గింది. "మిలటరీలో ఆయన బట్టలు ఆయనే ఉతుక్కున్నారు, ఇరవై మందికి టీ కాచారు," అంది. "సెలవుకు ఇంటికొస్తే మాత్రం మంచినీళ్లు కూడా చేతికందించాం. ఆయన మరిచిపోయింది సగమే అత్తయ్యా. మిగతా సగం మనం మరిపించాం."

మర్నాటి నుంచి నాలుగింటికి వెంకటలక్ష్మి కుర్చీ వంటగది కనపడని మూలకు మారింది. ఒళ్లో చిక్కుడుకాయల చేట. ఉమాశ్రీ మీటింగు వేళ మార్పించుకుని, తలుపు వెనక పెదవి కొరుక్కుంటూ నిలబడింది. మొదటి రోజు నలభై నిమిషాలు పట్టింది, చక్కెర లేదు. అత్తగారు కళ్లు తుడుచుకుంటూ ఆ టీయే తాగింది. అయిదో రోజు చక్కెర పడింది.

ఒకటో తారీఖున ఉమాశ్రీ ఆఫీసుకు వెళ్లింది. సాయంత్రం నాలుగున్నరకు ఫోను.

"ఉమా, పాలు పొంగిపోయాయి."

ఆమె బ్యాగు అందుకుని లేచి నిలబడింది. స్టవ్ ఆపండి, అత్తయ్యను పిలవండి, చెయ్యి కాలిందా... మాటలన్నీ నాలుక మీదికొచ్చాయి. బలవంతంగా నోరు మూసుకుంది.

"స్టవ్ ఆపాను. గట్టు తుడిచాను. చెబుదామని ఫోను చేశానంతే." కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "ఉమ ఆఫీసులో టెస్టింగ్ చేస్తుంది, ఆరున్నరకు వస్తుంది, అని పుస్తకంలో రాసుకున్నాను. పెట్టేస్తున్నా, పని చేసుకో."

పెళ్లయిన పన్నెండేళ్లలో ఆ ఇంట్లో పొయ్యి గట్టు ఆయన తుడిచారని వినడం ఆమెకదే మొదలు. ఉమాశ్రీ బ్యాగు కింద పెట్టి, దాచిన రాజీనామా మెయిలు వెతికి చెరిపేసింది. పాల మరక ఒక్క తుడుపుకు పోదని ఆమెకు తెలుసు. ఇంటికెళ్లి తుడవాలనే అనుకుంది ముందు. తర్వాత మనసు మార్చుకుని, కాగితంలో పదో పని చేర్చాలని రాసుకుంది: గట్టు తుడవాలి, మరక పోయేదాకా.