వంతు కేసు

కెలమంగలం బస్టాండు దగ్గర, పట్టపగలు, అందరూ చూస్తుండగా ఫారెస్టువాళ్ళు హనుమంతయ్యను జీపెక్కించారు. షిఫ్టు దిగిన అన్నలారా, కాలేజీ పిల్లలారా, ఆయన చేసిన నేరం చెబుతాను, నవ్వకండి. గొర్రెలను కొండకు తోలాడు. అవి గడ్డి తిన్నాయి. అంతే! తాతల నాటి నుంచి మేపుతున్న కొండకు కొన్నేళ్ళ కిందట మేత నిషేధమని బోర్డు కొట్టారు, గొర్రె కాలు పెడితే కేసు.

నేను హోసూరు కంపెనీలో పనిచేస్తున్నా, పుట్టింది ఆ కాపరుల ఇళ్ళలోనే. మా ఊళ్ళో ఒక ఏర్పాటుంది, చెప్పుకోవడానికే సిగ్గు. ఏడాదికో కేసు ఫారెస్టువాళ్ళకు కావాలి. మేమే వంతు వేసుకుని ఒకణ్ణి అప్పజెప్పేవాళ్ళం. వాడు కోర్టులో తప్పయిందనేవాడు, జరిమానా ఊరంతా కలిసి కట్టేది, ఆపైన మందలు నిమ్మళంగా మేసేవి. ఈసారి వంతు హనుమంతయ్యది. సాయంత్రానికి వచ్చేస్తానని, ఉతికిన పంచె కట్టుకుని మరీ జీపెక్కాడు.

రాలేదు. ఇంతకుముందు వంతుల్లో ఆయన ఒప్పుకున్నవన్నీ కూడగట్టి, వీడికి నేరం అలవాటే అన్నారు. బెయిలు ఇవ్వలేదు, కృష్ణగిరిలో జైలుకు పంపారు. మా అతితెలివి మా మెడకే చుట్టుకుంది. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

గొర్రెల దొడ్డి దగ్గర మీటింగు పెట్టాం. ఊరి పెద్ద అశ్వత్థప్ప పాత పాటే పాడాడు. ఇంకోసారి తప్పు ఒప్పుకుని, ఇక కొండెక్కనని చెబితే వదిలేస్తారట, చెప్పేస్తే పోలేదా అన్నాడు. యతీశ్ అనే కుర్ర కాపరి, మందలు అమ్మేసి జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలు కడుక్కుందామన్నాడు. ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు, ఏదీ తేలలేదు. చివరికి హనుమంతయ్య భార్య గంగక్క లేచింది.

"ఒప్పుకొని ఒప్పుకొనే కదప్పా ఈ గతి పట్టింది. ఆయప్ప ఒక్కడే మేపినాడా? మీ గొర్రెలు యాడ మేసినాయి? నా మొగుడు ఇంటికి రావల్ల. కానీ అట్ల వద్దు."

ఆమె జైలుకు పోయి ఆయనకూ అదే చెప్పింది. ఆయన అవునని గానీ కాదని గానీ అనలేదట, గొర్రెలు ఈనాయా అని మాత్రం అడిగాడట. ఇల్లు చేరాలన్న ఆశతో ఒప్పుకుంటాడేమోనని నాకు భయం పట్టుకుంది.

వాయిదా రోజు ఊరంతా కోర్టుకు కదిలింది. కంపెనీ నుంచి మేమూ కొందరం షిఫ్టు మానుకుని పోయాం. తప్పు ఒప్పుకుంటావా అని జడ్జి అడిగారు. బోనులో ఉన్న హనుమంతయ్య గంగక్క వైపు చూశాడు.

"మేపినాను సామీ. అది తప్పని మాత్రం ఒప్పుకోను."

మళ్ళీ జైలుకే పంపారు. గంగక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బయట ఫారెస్టు ఆఫీసరు అశ్వత్థప్పను పక్కకు పిలిచి, ఇక ఎవరి వంతని నవ్వుతూ అడిగాడు. ఈ ముసలాయన మళ్ళీ ఎవడి పేరు చెబుతాడోనని నేను పళ్ళు కొరుక్కుంటున్నాను.

"ఇంగ వంతుల్లేవు సారూ," అన్నాడు అశ్వత్థప్ప. "రేపు పొద్దున అన్ని మందలూ కొండకే వస్తాయి. ఆడోళ్ళూ వస్తారు. మీ జీపు చాలదు, లారీలు తెచ్చుకోండి."

తెల్లారేసరికి కొండ కింద నిజంగానే లారీలు నిలబడి ఉన్నాయి. మేం మందలను తోలుకుంటూ వాటి ముందు నుంచే పైకి పోయాం.