ఊరికి పోయిన పదకొండు మంది

సిరిసిల్ల నేతగాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ లింబాయత్‌లో లింగమూర్తి మంచితనం గురించి చెప్పుకోనివాళ్లు లేరు. చెప్పించుకునేది ఆయనే కాబట్టి అందులో లోటేముంటుంది? లాక్‌డౌన్‌లో పులిహోర పొట్లాలు పంచి, పొట్లానికో ఫోటో దిగిన దాత. మగ్గాలు ఆగి మగవాళ్లు గోడలకు చేరగిలబడ్డ ఆ రోజుల్లోనే ఈ కులసంఘం అధ్యక్షుడు సారక్క ఇంటికొచ్చి గొంతు తగ్గించాడు.

"విమానాలు బందైనయి గని పడవలు బందు గాలే చెల్లె. షార్జాల పని. ఒక్కటే జాగ ఉన్నది, మీ ఆగయ్యకే ఇస్తున్న. బయటికి పొక్కితే పోలీసులు పట్టుకుంటరు. ఎవలడిగినా ఊరికి పోయిండని చెప్పు."

మార్కండేయుడి పటం ముందు ఒట్టు కూడా వేయించుకున్నాడు. దేవుణ్ణి సైతం దళారీని చేసిన ఘనుడు మరి. మూడోనాడు సారక్క మొగుడు ఆగయ్య హజీరా అవతల ఏదో రేవులో చేపల పడవ ఎక్కాడు.

సారక్క ఒట్టు తప్పలేదు. "ఊరికి పోయిండు" అనేది. సగం బస్తీ నిజంగానే లారీలెక్కి సిరిసిల్లకు పోతున్న రోజులవి. ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు.

ఆగయ్య దగ్గర్నుంచి ఫోను మాత్రం రాలేదు. నెలకోసారి లింగమూర్తే ఆమె సెల్లుకు ఒక ఫోటో పంపేవాడు. అందులో ఆగయ్య మొహం తప్ప ఏమీ కనపడేది కాదు. "షార్జా రూముల దిగింది. మంచిగున్నడు. ఆడ ఫోన్లు మాట్లాడనియ్యరు," అనేవాడు. అలా ఏడాది గడిచాక వచ్చిన ఫోటోలో మొహం వెనక పరదా కూడా పడింది.

ఆకుపచ్చ పరదా. పైనుంచి కిందిదాకా పోగులు తెగిన గీత.

సారక్క ఆ గీతను గుర్తుపట్టింది. లాక్‌డౌన్ అన్న రోజు ఆ కంగారులో పోగులు తెగింది చూసుకోకుండా ఆగయ్య నేసిన బట్ట తాను అది. మడతపెట్టింది తనే. మగ్గాల సేఠ్ డ్యామేజీ అని విసిరికొడితే లింగమూర్తి తన గోదాములో పరదా కట్టుకున్నాడు. మాస్కులు కుట్టడానికి పోయినప్పుడల్లా దాన్ని ఆమె చూస్తూనే ఉంది. షార్జా లేదు, రూమూ లేదు. పడవెక్కించే ముందు ఇక్కడే బోలెడు ఫోటోలు తీసి పెట్టుకుని, నెలకొకటి ముష్టి వేస్తున్నాడు ఆ దగుల్బాజీ.

ఒట్టు సంగతి దేవుడే చూసుకుంటాడని సారక్క ఎదురింటికి నడిచింది.

"అనురాధా, నీ పెనిమిటి చిరంజీవి నిజంగ ఊర్లనే ఉన్నడా?"

అనురాధ తలుపు దగ్గరగా వేసింది. "గట్లెందుకడుగుతున్నవక్కా?"

సారక్క ఫోటో చూపించింది. అనురాధ తన సెల్లు తెచ్చింది. అదే పరదా, అదే గీత, ముందు చిరంజీవి.

"ఒక్కటే జాగ అన్నడక్కా..."

"నాకూ గదే చెప్పిండే!"

సాయంత్రానికి ఇలాంటి ఫోటోలు వస్తున్న ఇళ్లు పదకొండు తేలాయి. పక్కింటికి దక్కని అదృష్టం తమకు దక్కిందని పదకొండు ఇళ్లూ ఏడాదంతా లోలోపల మురిశాయి. సారక్కకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆదివారం సంఘం హాల్లో లింగమూర్తికి 'కరోనా వీరుడు' బిరుదు ఇస్తున్నారు. సరిగ్గా శాలువా కప్పే వేళకు పదకొండు మంది ఆడవాళ్లు తోసుకొచ్చారు.

"మాస్కులేవి? దూరం దూరం నిలవడుర్రి!" అని అరిచాడు వీరుడు.

"దూరం పెట్టిందే నువ్వు. ఏడాది సంది పక్కింటోళ్లతోని మనసిప్పి మాట్లాడనియ్యలే," అంది సారక్క. "మావోళ్లేరి?"

"షార్జాల..."

కొడుకును పంపిన ముసలి కొమురవ్వ గోదాములోంచి పీక్కొచ్చిన పరదాను వేదిక మీద పరిచింది. "ఇదేనా షార్జా? నా కొడుకు దీంట్ల ఏడున్నడో జర సూపియ్యి."

ఆ గీత ఏమిటో నేతగాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి, అందరూ వేదిక చుట్టూ మూగారు.

లింగమూర్తి వెనక్కి జరిగాడు. "నా జిమ్మా రేవు దాకనే. నడి సముద్రంల వేరే ఓడోళ్లు కొనుక్కపోయిండ్రట. ఏ ఓడో నాకేమెరుక?"

కొనుక్కుపోయారట! చింపిరి గుడ్డ అమ్మేవాడికి కూడా కొన్నవాడెవడో గుర్తుంటుంది.

పోలీసులు వచ్చారు. వీరుణ్ణి జీపులో భద్రంగా ఇంటి దగ్గర దింపారు. కరోనా వేళ గుంపును చేర్చిందని సారక్కను స్టేషనుకు తీసుకుపోయారు. మావాళ్ల పేర్లు రాసుకోండని ఆమె వచ్చీరాని హిందీలో మొత్తుకుంటే ఇన్‌స్పెక్టర్ ఆవులించాడు. పాస్‌పోర్టు లేదు, టికెట్ లేదు, కాబట్టి అసలు వాళ్లు ఎక్కడికీ పోనే లేదని తేల్చేశాడు. తర్వాత అరెస్టు కాగితం ముందుకు లాక్కున్నాడు.

"పతి కా నామ్?"

భర్త పేరుకు ఆ కాగితంలో ఒక గడి ఉందని సారక్కకు అప్పుడు తెలిసింది.

"ఆగయ్య. లింగమూర్తి సముద్రంల అమ్మిండు. రాసుకో సాబ్."

అతడు మొదటి మాట మాత్రం రాశాడు. ఆమె కిటికీ ఊచలు పట్టుకుని, వెంటవచ్చి బయట నిలబడ్డవాళ్లకు వినపడేలా కేకేసింది. "అనురాధా! అరెస్టు కాయిదంల మనోళ్ల పేర్లు రాస్తున్నరే! అందరు లోపటికి రార్రి!"

మిగిలిన పదిమందీ వచ్చి బల్ల ముందు వరసగా నిలబడ్డారు. గేటు బయట నేతగాళ్లు రోడ్డు మీదే కూర్చున్నారు.

"మిమ్మల్నెవరు పట్టుకున్నారు? ఇళ్లకు పొండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఒక్క మనిషి గుంపెట్లయితది సాబ్?" అంది అనురాధ. "మేమందరముంటెనే గుంపు. నా పెనిమిటి చిరంజీవి. రాయి."

ఇన్‌స్పెక్టర్ కలం బల్ల మీద పడేశాడు. కొమురవ్వ దాన్ని తీసి మళ్లీ అతని చేతిలో పెట్టింది.

"నాకు మొగడు లేడు సాబ్. కొడుకు పేరు కనకయ్య. రాయి."