నొప్పి ఆ అమ్మాయికి చెప్పాడట

మంగళ, శుక్రవారాలంటే ఆవిడకి పొద్దున్నుంచే ఒళ్ళు మంట. మొగుడికి ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి వచ్చేది ఆ రోజుల్లోనే. పట్టుమని పాతికేళ్ళుండవు. అడుగడుగూ లెక్కపెట్టి నడిపిస్తుందని ఆవిడ దానికి ‘లెక్కల పంతులమ్మ’ అని పేరు పెట్టింది.

పార్కిన్సన్ వచ్చిన ఈ నాలుగేళ్ళలో ఆయన వంటింటి గుమ్మం దగ్గర ఎన్నిసార్లు ఆగిపోయాడో లెక్కలేదు. కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోతాడు. “రండి, ఏం కాదు, రండి” అని ఆవిడ గొంతు పోయేలా పిలిచినా అంగుళం కదలడు. లెక్కల పంతులమ్మ మాత్రం గుమ్మం ముందు నేల మీద రంగు టేపు అతికించి, “దీన్ని దాటండి సార్, ఒకటి... రెండు...” అంటే చాలు, పెళ్ళికొడుకులా దాటేస్తాడు! ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన పెళ్ళాం మాటకి లేవని కాలు, నిన్నగాక మొన్న వచ్చినదాని చప్పట్లకి లేస్తుందా? అది అసూయ కాదని ఆవిడ కూడా బుకాయించలేదు. అసూయే, నిలువెల్లా అసూయ.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ శుక్రవారం చెప్పులు వేసుకుంటూ ఆ పిల్ల అంది: “అమ్మా, సార్‌కి పార్కిన్సన్ ఒక్కటే కాదు. నడుము నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్టు లాగుతోందట. సయాటికా నరం నొప్పిలా ఉంది, డాక్టరుకి చూపించండి. ఆరు నెలలైందట, మీకు తెలుసుగా?”

“తెలియకేం,” అంది ఆవిడ. తెలియదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. చొక్కా గుండీలు పెట్టేది తను, మాత్రల వేళలు కంఠతా పట్టింది తను, నొప్పి మాత్రం దానికి చెప్పాడు! పోనీ మొహం చూసి కనిపెడదామంటే, ఆ జబ్బు మొహాన్ని కూడా బిగించేసింది. నవ్వొచ్చినా ఏడుపొచ్చినా ఒకటే మొహం.

“నాతో ఒక్క ముక్క అనలేదేం? నేను పరాయిదాన్నా?” అని నిలదీసింది.

ఆయన పెదవులు కదిలాయి. మాట పెగలడానికి ఆయనకి కాసేపు పడుతుంది. ఆ కాసేపు ఆగడం ఆవిడ వల్ల కాదు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. మూడో రింగులోపు పలకకపోతే అక్కడ తప్పు కింద లెక్క.

“సరే, చెప్పకండి. నేనే తగ్గిస్తాను చూడండి,” అని తీర్పు చెప్పేసింది.

బిగుసుకుపోయిన కాలికి రోజూ సాయంత్రం నూనె రాసి, పట్టి లాగి పావుగంట మర్దన చేయడం ఎప్పటినుంచో ఆవిడ పనే. ఇప్పుడు పంతం కొద్దీ అరగంట చేసింది. మోకాలు వంగనివ్వకుండా కాలు ఇంకా పైకెత్తి లాగింది, తొడ వెనక బొటనవేళ్ళతో నొక్కింది. ఎప్పటిలాగే చేతులతో పాటు నోరూ ఆడుతూనే ఉంది: ఎదురింటివాళ్ళ గొడవలు, ఎక్స్ఛేంజిలో రాంగ్ నంబర్ల ముచ్చట్లు. డాక్టరు సంగతి తర్వాత, ముందు ఆ పిల్లకి చేతకానిది తను చేసి చూపించాలి.

మంగళవారానికి ఆయన కుర్చీలోంచి లేవలేకపోయాడు.

“నొప్పి ఎప్పుడు ఎక్కువగా ఉంటోంది సార్?” అంటూ ఆ అమ్మాయి ఆయన ముందు కింద కూర్చుంది.

“పొద్దున్న లేవగానే,” అంది ఆవిడ.

“సార్‌ని చెప్పనివ్వండమ్మా.”

ఆవిడ నోరు నొక్కుకుంది. ఆయన చెయ్యి ఒళ్ళో వణుకుతోంది. నాలుక దురద పెడుతున్నా ఓర్చుకుంది.

“సాయంత్రం...” అన్నాడు ఆయన వినీ వినపడనట్టు. “తను... కాలు పట్టి లాగినప్పుడు. ప్రాణం పోతుంది.”

ఆవిడ మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

“అయ్యో, మరి వద్దని చెప్పచ్చుగా సార్! ఇన్నాళ్ళు ఎందుకు ఓర్చుకున్నారు?”

ఆవిడ మళ్ళీ ఆగింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆగింది.

“రోజంతా... పనే తనకి,” అన్నాడు. “నా పక్కన కూర్చుని... కబుర్లు చెప్పేది... అప్పుడొక్కటే.”