పన్నెండో పేజీ మామిడికాయ

ఒక గ్రంథం ఘనతను నిర్ణయించేది దాని వెన్నులోని స్టేపిల్ పిన్నుల సంఖ్య. ఒక పిన్ను ఉన్నది కరపత్రం, చదివి పారేస్తారు. మూడు ఉన్నది ప్రభుత్వ నివేదిక, చదవకుండానే దాచిపెడతారు. నేను ఒక రెండు పిన్నుల గ్రంథాన్ని. ముప్పై రెండు పేజీలు, నాలుగు రంగులు. నామధేయం ‘వనసోదరుల వినోద జీవితం’. కోయల ఆచారాలను, చరిత్రను పిల్లలకు బోధించడం కోసం అవతరించాను.

నా కర్త పరాంకుశం గారు పట్టణంలో పేరుమోసిన పండితులు. ఒక కార్యాలయం అడిగిన వెంటనే పదకొండు రోజుల్లో నన్ను రచించారు. అడవి ఆయనకు కొత్తది కాదు. భద్రాచలం యాత్రకు వెళ్తూ బస్సు కిటికీలోంచి దానిని గంటన్నరసేపు పరిశీలించారు. అందులో ముప్పావుగంట నిద్రపోయారు. బొమ్మలు గీసినవాడు ఇంకా ఉదారుడు. కోయ పురుషులు పెళ్ళిళ్ళలో, పండుగల్లో కొమ్ముల తలపాగా పెట్టుకొని ఆడతారని ఎవరో చెప్పారట. అంత అందమైన వస్తువును పండుగలకే పరిమితం చేయడం అన్యాయమని తలచి, నాగలితో దున్నే రైతుకు, చేపలు పట్టే ముసలివాడికి కూడా కొమ్ములు తగిలించాడు.

ఇక పన్నెండో పేజీ. అందులో ఒక మామిడిచెట్టు, కొమ్మకొమ్మకూ నవ్వుతున్న పిల్లలు, కింద ఈ వాక్యం: ‘మామిడికాయ కంటబడితే చాలు, వనసోదరులు చెట్టెక్కి కోసుకొని ఆరగిస్తారు.’ నా దేహంలో నాకు అత్యంత ప్రీతిపాత్రమైన వాక్యం ఇదే.

నాలో మొత్తం నలభైముగ్గురు కోయలున్నారు. బయట ఒక్కరినీ నేను చూడలేదు. వాళ్ళు నిజంగా నాలోవాళ్ళలాగే ఉంటారా అన్న కుతూహలం అచ్చుయంత్రం దిగిన రోజునుంచీ నన్ను పీకుతూనే ఉంది. అందుకే ఏజెన్సీలోని ఒక కోయగూడెం బడికి నన్ను పంపుతున్నారని తెలిసి పొంగిపోయాను.

బడికి చేరాను. సుబ్బరాజు మాస్టారు నన్ను భక్తితో అందుకొని, పిల్లలు ముట్టుకుంటే నలిగిపోతానని బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లల పుస్తకాన్ని పిల్లల నుంచి కాపాడటంలో మానవులు చూపే శ్రద్ధ చాలా గొప్పది. తలుపు సందులోంచి వినబడే ఎక్కాలు తప్ప, మూడేళ్ళపాటు నాకు లోకంతో సంబంధం లేదు.

నాలుగో ఏట వేసవి మొదట్లో ఒక ఉత్తర్వు నన్ను విడిపించింది. ఆ గూడేనికి గురుకుల పాఠశాలలో ఒకే ఒక్క సీటు ఇస్తారట. నోటి పరీక్షలో ప్రశ్నలన్నీ నాలోంచే అడుగుతారట. ఐదో తరగతి పూర్తిచేసింది ఒక్క సోడె జోగమ్మే. ఐదు దాటితే ఆ దరిదాపుల్లో బడి లేదు. సీటు వస్తే పిల్ల చదువుకుంటుంది, రాకపోతే మేకల వెంట పోతుంది. మాస్టారు నా దుమ్ము దులిపి జోగమ్మ చేతికిచ్చారు.

“ముక్క పొల్లుపోకుండా బట్టీ పట్టు, అమ్మా. నీ బతుకంతా ఇందులోనే ఉంది.”

ఇది విని నేను ఎంత ఉబ్బిపోయానో చెప్పలేను.

ఆ సాయంత్రం జోగమ్మ నన్ను వాళ్ళ తాత ముందు తెరిచింది. ఆయన పేరు సోడె ఎర్రయ్య, ఊరి పూజారి. బుట్ట అల్లుతూనే బొమ్మలు చూశాడు. నేను బయట చూసిన తొలి కోయ పెద్దమనిషి ఆయనే. తలమీద తువ్వాలు ఉంది, కొమ్ములు లేవు. ముద్రణలో ఆయన విషయంలో ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను.

“వీడెవడే, కొమ్ములు పెట్టుకొని దున్నుతుండు?” అని తాత పగలబడి నవ్వాడు. “ఎడ్లు బెదిరి ఏట్ల దుంకవా?”

“ఇంకోడు చేపలు పడుతుండు సూడు తాతా, కొమ్ములతోని!”

“వాని పెండ్లి ఆ చేపతోనేనేమో!”

ఇద్దరూ కడుపు పట్టుకొని నవ్వారు. నా జీవితంలో నన్ను అంత ఆసక్తిగా చదివినవాళ్ళు లేరు. ఆ తర్వాత జోగమ్మ పన్నెండో పేజీ తిప్పి గట్టిగా చదివింది. బుట్ట అల్లుతున్న చేతులు ఆగిపోయాయి.

“మల్ల సదువు.”

జోగమ్మ మళ్ళీ చదివింది.

“పండుగ చెయ్యకముందే తింటమా మనం?” అన్నాడు తాత. గొంతులో నవ్వు లేదు. “కొత్తకాయ ముందుగాల వేల్పుకు పెట్టకుండ, పసిపిల్ల నోట్ల గూడ ముక్క పెట్టం. నలభై ఏండ్ల సంది ఆ పండుగ చేస్తున్నది నేను. ఇది రాసినాయన మనూర్ల ఎవరింట్ల తిన్నడు?”

ఆ జవాబు నాకు తెలుసు. పరాంకుశం గారు ఆ యాత్రలో బస్సు దిగింది కాఫీకే.

మర్నాడు జోగమ్మ సంగతి చెప్పగానే మాస్టారు తల పట్టుకున్నారు. ఆయనకు ఆ ఆచారం తెలియక కాదు. ఏళ్ళుగా ఆ పండుగకు వెళ్ళి భోజనం చేసి వస్తున్నవాడే.

“చూడమ్మా, జవాబులు పరీక్ష పెట్టేవాళ్ళ కాగితంలో ముందే రాసుంటాయి. పుస్తకంలో ఉన్నదే చెప్పెయ్. సీటొచ్చాక నీ ఇష్టం వచ్చింది చెప్పుకో.”

“తాత పరీక్షకు వస్తనన్నడు, సారూ. ఆయన ముంగట నేనెట్ల అంటా?”



పరీక్షనాడు ప్రశ్నలడిగే అధికారి జీపులో వచ్చారు. వరండాలో బల్ల వేశారు. నన్ను ఆ బల్లమీద ప్రమాణ గ్రంథంలా ప్రతిష్ఠించారు. తాత గోడవారగా గొంతుకూర్చున్నాడు. మొదటి పది ప్రశ్నలకు జోగమ్మ తడుముకోకుండా జవాబులు చెప్పింది. పదకొండోది వచ్చింది.

“మామిడికాయ కనబడితే వనసోదరులు ఏం చేస్తారు, పాపా?”

జోగమ్మ తాత వైపు చూసింది, మాస్టారి వైపు చూసింది, చివరికి నావైపు చూసింది. ఆమె ఏమి చెబుతుందోనని నా రెండు పిన్నులూ బిగుసుకున్నాయి.

“సారూ, పుస్తకంల ఉన్నది చెప్పాల్నా, ఊర్ల ఉన్నది చెప్పాల్నా?”

అధికారి కళ్ళద్దాలు తీశారు. “రెండూ వేరా?”

“పుస్తకంల కోసుకొని తింటరు. ఊర్ల పండుగయ్యేదాక ముట్టరు. పండుగకింక నాలుగు రోజులున్నది.”

“పుస్తకంలో రాసింది అబద్ధమంటావా? రుజువేమిటి?”

జోగమ్మ వేలు చాపి బడి ఆవరణలోకి చూపింది. అక్కడ ఒక మామిడిచెట్టు ఉంది. దాని కొమ్మలు కాయల బరువుకు వంగి, ఒకటో తరగతి పిల్లవాడి నెత్తికి తగిలేంత కిందికి వేలాడుతున్నాయి. చెట్టు కింద ఒక్క టెంక లేదు, విరిగిన రెమ్మ లేదు, విసిరిన రాయి లేదు. ఆ కాయల నడుమనే నలభైమంది పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు.

అందరి చూపులూ మాత్రం జీపు డ్రైవరు మీద ఉన్నాయి. ఆయన ఒక కాయ తెంపి, ఉప్పు అద్దుకొని, అప్పుడే రెండో ముక్క కొరికాడు. ఒకటో తరగతి నుంచి ఎవరో భయంగా అన్నారు: “ఆయనకు కడుపునొప్పి వస్తదా, తాతా?”

“ఆయన మనోడు కాదులే, బిడ్డా,” అన్నాడు తాత. “ఆ పుస్తకంలోడు.”

అధికారి కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకొని ఆ చెట్టును చూశారు. చేతికందే కాయలు ఉన్న బడి ఆయన ఉద్యోగజీవితంలో మరొకటి తారసపడినట్టు లేదు. చివరికి కాగితం మీద ఇలా రాశారు: ‘జవాబు పుస్తకానికి విరుద్ధం, చెట్టుకు అనుకూలం. పూర్తి మార్కులు.’ జోగమ్మకు సీటు వచ్చింది. మాస్టారు స్తంభం చాటుకు వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు.

అధికారి తన కలమే జోగమ్మకిచ్చి, నిజమేమిటో నా పన్నెండో పేజీలో రాయమన్నారు. కలం తగిలినప్పుడు మొదట అవమానంగా తోచింది. రాయడం పూర్తయ్యాక, ఆ పేజీలో కోయలు రాసిన మాట అదొక్కటేనని గ్రహించాను. అంతవరకూ నేను ఎంత ఖాళీగా ఉన్నానో అప్పుడే తెలిసింది.

ఆ దిద్దుబాటుతో, పుస్తకం సవరించమన్న అధికారి సిఫారసు ఉత్తరంతో నన్ను పట్టణానికి పంపారు. ఒక సంఘం నామీద మూడుసార్లు సమావేశమైంది. ఇప్పుడు నన్ను రాయించిన ఆ కార్యాలయంలోనే గాజు అరలో, పన్నెండో పేజీ తెరిచి ఉంచగా, చారిత్రక ప్రతినై విశ్రమిస్తున్నాను. నా సవరించిన రెండవ ముద్రణ గత ఏడాది వెలువడింది.

అందులో ‘మామిడికాయ’ తీసేసి ‘జామకాయ’ అని వేశారు.