వరస తేలని ఫొటో

ఆ జంట స్టూడియోలోకి అడుగు పెట్టగానే ఫొటోగ్రాఫర్‌కి అబ్బాయి గడ్డాన్ని ఎక్కడో చూసినట్టనిపించింది. పెళ్ళి కుదిరిన జంటలకి ఫొటోలు తీయడం ఆమె వృత్తి. ఒక మొహాన్ని లెన్సులోంచి చూసిందంటే ఓ పట్టాన మరిచిపోదు. అమ్మాయి నవ్వేసరికి అంతా గుర్తొచ్చింది.

నెలకో ఆదివారం ఆమె లైబ్రరీ హాల్లో తెల్లగుడ్డ కట్టి, ఒక స్టూలు వేసి, పేటలో వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా ఫొటోలు తీసిపెడుతుంది. కిందటిసారి వీళ్ళిద్దరూ ఒక పెద్దాయన్ని చెరో పక్కా పట్టుకుని తీసుకొచ్చారు. "మా అబ్బాయి, మా అమ్మాయి" అని ఆయన మురిసిపోతూ చెప్పాడు. ఈ అబ్బాయే వంగి ఆయన కాలరు సర్ది, "నాన్నా, ఇటు చూడు" అన్నాడు.

అప్పుడు అన్నాచెల్లెళ్ళు. ఇప్పుడు కాబోయే మొగుడూ పెళ్ళాలు.

లైటు మార్చాలని చెప్పి పక్క గదిలోకి వెళ్ళింది. అక్కడ ఆమె అత్తగారు దువ్వెనలు, పౌడరు సర్దుకుంటోంది. పెళ్ళికూతుళ్ళకి ముస్తాబు చేసేది ఆవిడే.

"అత్తయ్యా, వీళ్ళ వ్యవహారం నాకేదో తేడాగా ఉంది" అని కంప్యూటర్‌లో ఆ పాత ఫొటో తీసి చూపించింది.

అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది. "ఓరి నాయనో! ఇదేం వరసే!"

"మెల్లిగా! వింటారు."

"విననీ. పెద్దాయన్ని మభ్యపెట్టి ఇల్లూ వాకిలీ రాయించుకునే రకమేమో. గడ్డం చూడు, దొంగ గడ్డం."

"అది నిజం గడ్డమే అత్తయ్యా."

"నిజం గడ్డాల్లో దొంగలుండరా?"

ఫొటోలు మొదలయ్యాయి. ఇక ప్రతిదీ అనుమానంగానే కనిపించింది. దగ్గరగా జరగమంటే అబ్బాయి తటపటాయించాడు. భుజం మీద చెయ్యి వేయమంటే వేలికొసలు ఆనించాడు. సిగ్గో, భయమో తేలలేదు. ఇంతలో అమ్మాయి ఫోను మోగింది. ఆమె తెర చూసి, మాట్లాడకుండా ఫోను అతనికిచ్చింది. అతను మూలకి వెళ్ళి గొంతు తగ్గించాడు.

"వచ్చేస్తున్నా నాన్నా. చెల్లి నాతోనే ఉంది. మందు వేసుకున్నావా?"

అత్తగారు ఇక ఆగలేకపోయింది. దువ్వెన పట్టుకునే ముందుకొచ్చింది. "ఎవరు బాబూ చెల్లి? ఈ అమ్మాయేనా? మరి పెళ్ళెవరితో?"

ఇద్దరి మొహాల్లో నెత్తురుచుక్క లేదు. అమ్మాయే చెప్పింది.

"మా అన్నయ్య పోయి మూడేళ్ళయిందండీ. నాన్నకి మతిమరుపు వచ్చాక ఆ సంగతే గుర్తులేదు. వాడేడీ, ఇంకా రాలేదేంటి అని రోజూ అడిగేవారు. ఇతను మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, గడ్డం చూసి, 'వచ్చావా నాన్నా' అని పట్టుకుని ఏడ్చేశారు. కాదని చెప్పడానికి మాకు నోరు రాలేదు."

"అన్నయ్య పేరుతోనే పిలుస్తారా?" ఫొటోగ్రాఫర్ అడిగింది.

"అవునండీ" అన్నాడు అతను.

"పిలిస్తే పలుకుతావా?"

"పలుకుతాను."

ఆమెకి సిగ్గేసింది. ఆ ఫొటో తీసి పక్క గదిలో చాటుగా చూపించినందుకు ఎటు చూడాలో తెలియలేదు. అత్తగారు మాత్రం అంత తేలిగ్గా వదలలేదు.

"సరే బాబూ. మరి పెళ్ళిరోజు? కూతురు కొడుకునే చేసుకుంటోందనుకుంటే ఆ పెద్దాయన గుండె ఆగిపోదూ?"

"ఆయన్ని ఇంట్లోనే ఉంచమంటున్నారు మా ఇంట్లోవాళ్ళు" అన్నాడు అతను. "ఈమె ససేమిరా అంటోంది. ఏం చెయ్యాలో పాలుపోవట్లేదు."

పెళ్ళి రిజిస్టరు ఆఫీసులో. ఫొటోలు తీయడానికి ఫొటోగ్రాఫర్, వద్దన్నా వినకుండా అత్తగారు వెళ్ళారు. పెద్దాయన పోల్చుకోకూడదని పెళ్ళికొడుకు నున్నగా గడ్డం గీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. దవడలు పాలిపోయి, వేరే మనిషిలా ఉన్నాడు. కూతురు తండ్రిని నడిపించుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది.

పెద్దాయన పెళ్ళికొడుకుని కిందనుంచి పైదాకా చూశాడు. తర్వాత కెమెరా పట్టుకున్న ఆమెని దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, ఈ కుర్రాడెవరు? నీకు తెలుసా?"

"తెలుసండీ. చాలా మంచివాడు."

"నువ్వు చెప్తే సరిపోదు. ఈ కుర్రాడి చూపు తిన్నగా లేదు. మావాణ్ణి రానీ, వాడు చూసి సరేనంటేనే."

అతను కలం పట్టుకుని ఆ మాట విన్నాడు. తలొంచుకుని సంతకం పెట్టాడు. మొదటి అక్షరం వంకరపోయింది. అందరూ కలిసి ఫొటోకి నిలబడినప్పుడు పెద్దాయన వాళ్ళిద్దరి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, కెమెరా వంక కాక అల్లుడి వంకే ఓరగా చూశాడు. అత్తగారు మొహం తిప్పుకుని ముక్కు చీదుకుంది.

పెద్దాయన్ని కారెక్కించాక, మెట్ల మీద అతను గడ్డం చోటు తడుముకున్నాడు. "మళ్ళీ పెరగాలంటే మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా అన్నయ్య పనిమీద వెళ్ళాడని చెప్పు."

"గడ్డం వస్తే అల్లుడు మాయమవుతాడుగా. అప్పుడేం చెప్పను?" అంది అమ్మాయి.

"అల్లుడు ఎటూ నచ్చలేదుగా ఆయనకి" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అమ్మాయి అతని చెయ్యి పట్టుకుంది.

కారు అద్దం దిగింది. పెద్దాయన తల బయటపెట్టి కేకేశాడు.

"అమ్మాయ్! ఆ కుర్రాడితో ఇంకా ఏం మాటలు? ఇంటికి పద. అన్నయ్య ఎదురుచూస్తుంటాడు."